అల్లుడి చేతి గుండీలకి ఎంత బంగారం కావాలి?

మన దగ్గర మగవాళ్ల బంగారం అంటే మూడే ఐటమ్స్. మెడలో చైన్, వేలికి ఉంగరం, కాస్త షోకు ఎక్కువైతే చేతికి బ్రాస్‌లెట్. ఈ మధ్య నాలుగోది ఒకటి పెళ్లిళ్లలోకి వచ్చి చేరింది. ఈసారి రిసెప్షన్ ఫొటోలు జూమ్ చేసి చూడండి. పెళ్లికొడుకు సూటు చెయ్యి చివర చొక్కా ఓ అర అంగుళం బయటికి కనిపిస్తుంది. మామూలుగా ప్లాస్టిక్ గుండీ ఉండాల్సిన చోట ఏదో తళుక్కుమంటుంది. అదే కఫ్‌లింక్.

ఇన్‌స్టాలో చూసి ముచ్చటపడితే ఫర్వాలేదు. కానీ దాన్ని బంగారంతో చేయించి అల్లుడికి పెట్టాలంటే ఇంటి లెక్కలు కదులుతాయి. మా ఇంట్లో అదే జరిగింది.

మాది మందమర్రి. బాపు సింగరేణిలో బాయి పని చేస్తాడు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. చెల్లె మంచిర్యాలలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్తుంది. తనకి పెళ్లి కుదిరాక బట్టలు, వంటలు, హాలు, అన్నీ కాగితం మీద రాసేసుకున్నాం. చివరికి ఒక్క లైను మిగిలింది. అల్లుడికి ఏం పెట్టాలి? వాళ్లు ఏమీ అడగలేదు. కానీ మా వైపు "అడగలేదు" అంటే "పెట్టొద్దు" అని కాదు.

మా మేనమామ తేల్చేశాడు. "చైను, ఉంగరం అందరు పెడతరు బావా. పిల్లగాడు సాఫ్ట్‌వేర్, సూటేసుకుంటడు. గా చేతి గుండీలు బంగారంవి పెడితె పదిమందిల కనవడ్తది."

బడ్జెట్ లక్ష రూపాయలు. ఆ డబ్బు దసరాకి వచ్చిన లాభాల వాటాలోది. బొగ్గు ఊళ్ల సంగతి తెలియని వాళ్లకి ఒక మాట చెప్పాలి. సింగరేణి లాభంలో కొంత శాతం ఏటా కార్మికులకి పంచుతుంది. 2025లో 34 శాతం, అంటే 819 కోట్లు పంచారు. ఎవరికెంత అన్నది ఏడాదిలో ఎన్ని మస్టర్లు చేశారన్న దాని మీద కూడా ఉంటుంది. కాబట్టి ఆ లక్ష ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. రాత్రి షిఫ్టులు, జ్వరం ఉన్నా దిగిన రోజులు అన్నీ అందులో ఉన్నాయి.

కొనే పని నాకు అప్పజెప్పారు. ఇంజనీరింగ్ చదివినోడు, లెక్కలు బాగా చూస్తాడని వాళ్ల నమ్మకం. అసలు ఈ వస్తువు ఎక్కడి నుంచి వచ్చింది, దీనికి బంగారం ఎందుకు కావాల్సి వచ్చింది అని నేను ముందు అటు నుంచి మొదలుపెట్టాను.

గంజి పెట్టిన చొక్కాతో వచ్చిన తిప్పలు

నాలుగు వందల ఏళ్ల కింద యూరప్‌లో చొక్కా చేతుల చివర్లని రిబ్బన్లతో, దారాలతో కట్టుకునేవాళ్లు. 1600ల రెండో సగానికి వాటి స్థానంలోకి చిన్న గొలుసుతో కలిపిన రెండు గుండీలు వచ్చాయి. వాటిని "స్లీవ్ బటన్స్" అనేవారు. 1662లో ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్‌కి, పోర్చుగల్ రాజకుమారి కేథరిన్‌కి పెళ్లయింది. ఆ కాలంలోనే రెండు హృదయాలు, వాటి పైన ఒక కిరీటం బొమ్మ ఉన్న వెండి గుండీలకి గిరాకీ వచ్చింది. ఇప్పటికీ ఇంగ్లండ్ పొలాల్లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగేవాళ్లకి ఇవి దొరుకుతుంటాయి. పొలాల్లో దొరుకుతున్నాయంటే తొడుక్కున్నది రాజులు ఒక్కరే కాదని అర్థం.

19వ శతాబ్దంలో అసలు మలుపు వచ్చింది. కారణం బంగారం కాదు, గంజి. ఆఫీసులకి వెళ్లే మగవాళ్లు కాలర్లకి, కఫ్‌లకి అట్టలా బిగుసుకుపోయేలా గంజి పెట్టించేవారు. అంత మందంగా, గట్టిగా ఉన్న బట్టలోంచి కుట్టిన గుండీని తోయడం కుదరదు. అందుకే కఫ్‌కి రెండు వైపులా కాజాలే ఉంచి, వాటిలోంచి విడిగా ఉండే లింకు దూర్చడం పద్ధతి అయింది. చొక్కా ఉతుక్కి పోయినా లింకు ఇంట్లోనే ఉంటుంది. రేపు ఇంకో చొక్కాకి పెట్టుకోవచ్చు.

ఇది మనకి కొత్తేం కాదు. పాత ఫొటోల్లో పెద్దమనుషుల లాల్చీలు గమనించండి. సన్నటి గొలుసుతో కలిపిన మూడు నాలుగు బంగారు గుండీలు ఛాతీ మీద కనిపిస్తాయి. అవి లాల్చీకి కుట్టి ఉండవు, అక్కడా రెండు వైపులా కాజాలే. బట్టలు చాకలికి వేసేముందు గుండీలు తీసి పెట్టెలో దాచుకునేవాళ్లు. బండకేసి ఉతికితే ఏ గుండీ ఆగుతుంది? అక్కడ గంజి, ఇక్కడ చాకిరేవు. కారణం వేరైనా ఉపాయం ఒక్కటే.

తొడుక్కున్న వాళ్లలో ఎక్కువమందికి బంగారం లేదు

నాకు బాగా ఆసక్తిగా అనిపించిన సంగతి ఇది. రాజులు, జమీందార్లు బంగారం, వజ్రాలు పెట్టుకున్నారు, నిజమే. మిగతా వాళ్ల కోసం మొదటి నుంచీ వేరే దారులు ఉన్నాయి.

18వ శతాబ్దం మొదట్లో లండన్‌లో క్రిస్టఫర్ పించ్‌బెక్ అనే గడియారాల పనివాడు రాగి, జింక్ కలిపి అచ్చం బంగారంలా కనిపించే లోహం తయారుచేశాడు. దానికి ఆయన పేరే ఉండిపోయింది. మన వీధుల్లో "వన్ గ్రామ్ గోల్డ్" బోర్డులు చూస్తుంటాం కదా, అప్పటి లండన్‌కి పించ్‌బెక్ అలాంటిదే. దొంగల భయం ఉన్న ప్రయాణాల్లో అసలుది ఇంట్లో పెట్టి ఇది వేసుకెళ్లేవాళ్లు కూడా ఉండేవారట.

1854లో బ్రిటన్ చట్టం మార్చి 15, 12, 9 క్యారెట్ల బంగారానికి కూడా ముద్ర వేయడానికి ఒప్పుకుంది. దాంతో గుమాస్తాలు, టీచర్లు కూడా "నాది బంగారమే" అని చెప్పుకోగలిగే ధరలో నగలు వచ్చాయి. 1880ల్లో అమెరికాలోని నెవార్క్‌లో క్రెమెంట్స్ అనే కంపెనీ కాలర్ గుండీలని ఒకే ముక్కగా మెషీన్ మీద తయారుచేసి అమ్మింది. 1904లో పారిస్‌లో షార్వే అనే చొక్కాల షాపు ఇంకా ముందుకెళ్లింది. పట్టు దారాన్ని ముడేసి, అదే కఫ్‌లింక్ అంది. గ్రాము లోహం లేదు. అయినా ఫ్యాషన్ అయి కూర్చుంది, ఇప్పటికీ దొరుకుతాయి.

అంటే కఫ్‌లింక్ చరిత్ర అంతా బంగారం చరిత్ర కాదు. "తక్కువలో నీటుగా కనిపించడం ఎలా" అన్న ప్రశ్నకి జనం వెతుక్కున్న జవాబులే అందులో ఎక్కువ.

నిజాం పెట్టెలో కూడా ఉన్నాయి

మన దగ్గర కఫ్‌లింక్స్ అనగానే చెప్పుకోవాల్సింది హైదరాబాద్ నిజాం నగలు. 1995లో భారత ప్రభుత్వం ఆ నగల్ని 218 కోట్లకి కొన్నది. మొత్తం 173 వస్తువులు. జాకబ్ వజ్రం గురించి అందరికీ తెలుసు. 184 క్యారెట్లు దాటిన ఆ రాయిని ఏడో నిజాం పేపర్‌వెయిట్‌గా వాడాడని చెప్పుకుంటారు. ఆ లిస్టులో తలపాగా నగలు, హారాలు, నడుము బెల్టులతో పాటు గుండీలు, కఫ్‌లింక్స్ కూడా ఉన్నాయి. 2001లో, 2006లో సాలార్‌జంగ్ మ్యూజియంలో, 2019లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ఈ నగలు ప్రదర్శించారు. మిగతా సమయం రిజర్వ్ బ్యాంకు లాకర్లలోనే.

ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బట్టల పిచ్చి ఎంతో తెలియాలంటే హైదరాబాద్ పురానీ హవేలీకి వెళ్లండి. ఆయన బట్టల బీరువా పొడవు 176 అడుగులు, అదీ రెండు అంతస్తులు. అన్ని షేర్వానీలు ఉన్నప్పుడు విడిగా తీసి పెట్టుకునే గుండీలు ఎందుకు అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

మా బొగ్గుకీ ఆ ఖజానాకీ ఒక లింకు ఉంది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది. 1945లో ఆ కంపెనీలో ఎక్కువ వాటాని నిజాం సర్కారు కొన్నది. అంటే బాపుకి జీతమిచ్చే కంపెనీకి ఒకప్పుడు ఓనరు, ఆ కఫ్‌లింక్స్ ఓనరు ఒక్కరే అన్నట్టు.

కానీ ఒక తేడా ఉంది. నిజాం కఫ్‌లింక్స్ అమ్ముడుపోకపోయినా ఆయనకి ఏమీ కాదు. మా ఇంట్లో బంగారం అలా కాదు. నా ఇంజనీరింగ్ ఫీజుల కోసం అమ్మ పుస్తెలతాడు తప్ప మిగతావన్నీ ఒకసారి కుదవకి పోయి వచ్చినవే. బొగ్గు ఊళ్లలో బంగారం అంటే ముందు అక్కరకి ఆదుకునేది, ఆ తర్వాతే అందం. కాబట్టి కొనేముందు అడగాల్సిన ప్రశ్న "ఎంత మెరుస్తుంది" కాదు. "రేపు వెనక్కి ఎంత వస్తుంది."

ఇప్పుడు అసలు లెక్క

రేటు రోజూ మారుతుంది. లెక్క సులువుగా ఉండటానికి 22 క్యారెట్ గ్రాము 10,000 అనుకుందాం. మీరు చదివే రోజు రేటు వేసుకుని ఇదే లెక్క చేయండి.

8 గ్రాముల కఫ్‌లింక్స్ జత. బంగారం విలువ 80,000. తరుగు, మజూరి కలిపి 18 శాతం అన్నారనుకోండి, 14,400. మొత్తం 94,400. దాని మీద 3 శాతం జీఎస్టీ, 2,832. చేతికిచ్చే బిల్లు 97,232.

మర్నాడే అమ్మాల్సి వచ్చిందనుకోండి. మజూరి రాదు, జీఎస్టీ రాదు. షాపు ఏమీ కోత పెట్టకపోతే 80,000 వస్తుంది. ఒక్క రాత్రిలో 17,232 పోయినట్టు. బంగారం ధర పెరిగి ఆ గుంత పూడేదాకా మనం లాభంలో ఉన్నట్టు కాదు.

ఇదే 8 గ్రాములు సాదా గొలుసుగా తీసుకుంటే మజూరి తగ్గుతుంది. 8 శాతం అనుకుందాం. బిల్లు 88,992 అవుతుంది. పోయేది 8,992. వస్తువు చిన్నదై, పని ఎక్కువైన కొద్దీ శాతం పెరుగుతుంది. కఫ్‌లింక్‌లో ముఖం, కాడ, తిరిగే మడత, రెండూ ఒకేలా రావడం... ఇంత పని ఉంది. కంసాలి అడిగేది అన్యాయమేం కాదు. కానీ పని డబ్బు పనికే పోతుంది, మళ్లీ మన చేతికి రాదు.

నేను మూడు షాపులు తిరిగాను. మజూరి 14 నుంచి 22 శాతం దాకా చెప్పారు. ఒక షాపులో రాళ్లు పొదిగిన జత చూపించి, రాళ్ల బరువు కూడా బంగారం రేటులోనే వేసి ఎస్టిమేట్ రాశారు. "నెట్ వెయిట్ ఎంతన్నా?" అని అడిగితే కొత్త కాగితం తీశాడు. గ్రాస్ వెయిట్ అంటే మొత్తం బరువు, నెట్ వెయిట్ అంటే రాళ్లు పోగా మిగిలిన బంగారం బరువు. బిల్లులో రెండూ విడివిడిగా ఉండాలి.

ఇంకో చిన్న సంగతి. పెద్దవాళ్లు "తులం" అంటే షాపువాళ్లు 10 గ్రాములు ఇస్తారు. పాత లెక్కలో తులం 11.66 గ్రాములు. తాత ముత్తాతల నగలు మార్పిడికి తీసుకెళ్తే ఈ తేడా గుర్తుపెట్టుకోండి. కాగితం మీద తులాలు వద్దు, గ్రాములే రాయించండి.

22 కావాలా, 18 చాలా?

క్యారెట్ అన్న మాటతో చాలామంది తికమక పడతారు. వజ్రానికి క్యారెట్ అంటే బరువు, ఒక క్యారెట్ 0.2 గ్రాములు. బంగారానికి క్యారెట్ అంటే స్వచ్ఛత. 24లో ఎన్ని పాళ్లు బంగారమో ఆ అంకె. 22 క్యారెట్ అంటే 91.6 శాతం, నగ మీద 916 అని ఉంటుంది. 18 క్యారెట్‌కి 750, 14 క్యారెట్‌కి 585. 2025 జులై నుంచి మన దేశంలో 9 క్యారెట్ కూడా హాల్‌మార్క్ లిస్టులో చేరింది, దాని ముద్ర 375. బ్రిటన్ 1854లో తీసుకున్న దారికి మనం ఇప్పుడొచ్చాం.

మన ఇళ్లలో 22 తప్ప మిగతాది "తక్కువ బంగారం" అని ఒక అభిప్రాయం ఉంది. కఫ్‌లింక్ లాంటి వస్తువు విషయంలో అది తప్పు. స్వచ్ఛత పెరిగిన కొద్దీ బంగారం మెత్తబడుతుంది. కఫ్‌లింక్ వెనక తిప్పే కాడ ప్రతిసారీ ఒత్తిడి పడే భాగం. అక్కడ 22 క్యారెట్ వంగుతుంది, వదులవుతుంది. 18, 14 క్యారెట్లలో రాగి, వెండి లాంటివి ఎక్కువ కలుస్తాయి కాబట్టి గట్టిగా నిలుస్తుంది. పైగా అదే సైజు వస్తువు 18లో బరువు కూడా తక్కువ తూగుతుంది. బంగారం కఫ్‌లింక్స్ పెట్టే తీరాలి అనుకునేవాళ్లకి 18 క్యారెట్‌లో 5 గ్రాముల జత, పైన వేసుకున్న రేటు, 18 శాతం మజూరి ప్రకారం దాదాపు 49,770 అవుతుంది. లక్షలో సగం మిగులుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. రేపు కుదవ పెట్టే ఆలోచన ఉంటే చాలా చోట్ల 18 క్యారెట్ కంటే తక్కువది తీసుకోరు. కాయిన్ కొంటే మజూరి తక్కువే. కానీ కాయిన్ల మీద లోన్‌కి నగల మీద ఉన్నంత వీలు లేదు, మొత్తం 50 గ్రాములు దాటకూడదన్న పరిమితి కూడా ఉంది. బిస్కెట్ల మీద అయితే బ్యాంకులు అసలే ఇవ్వవు. మా అమ్మలాంటి వాళ్లు "కాయిన్ వద్దు, గొలుసే కొనండి" అనడం వెనక తెలివి ఉంది. అది వాళ్ల అనుభవం.

ఆరు అక్షరాల ఆధార్

"హాల్‌మార్క్" అన్న మాటలో హాల్ అంటే లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ హాల్. 1478 నుంచి అక్కడి కంసాలులు చేసిన వస్తువులన్నీ ఆ హాలుకి తెచ్చి, పరీక్ష చేయించి, ముద్ర వేయించుకోవాలని రూలు పెట్టారు. మన దగ్గర బంగారానికి హాల్‌మార్క్ 2000లో మొదలైంది, అది కూడా ఇష్టముంటేనే. 2021 జూన్ 16 నుంచి 256 జిల్లాల్లో తప్పనిసరి చేశారు, తర్వాత జిల్లాలు పెంచుతూ వచ్చారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ లేని హాల్‌మార్క్ నగలు అమ్మకూడదు.

నగ మీద మూడు గుర్తులు చూడాలి. బీఐఎస్ త్రిభుజం లోగో, స్వచ్ఛత అంకె, హెచ్‌యూఐడీ. ఈ మూడోది అంకెలు, అక్షరాలు కలిసిన కోడ్. ప్రతి నగకీ వేరుగా ఉంటుంది, మనుషులకి ఆధార్ ఉన్నట్టు. ఫోన్‌లో "బీఐఎస్ కేర్" యాప్ వేసుకుని ఆ కోడ్ కొడితే నగ రకం, స్వచ్ఛత, పరీక్ష చేసిన కేంద్రం, షాపు రిజిస్ట్రేషన్ వివరాలు వస్తాయి. మీ చేతిలో ఉన్నది కఫ్‌లింక్ అయి, యాప్‌లో "రింగ్" అని వస్తే అక్కడే ఆగండి.

కొన్ని మినహాయింపులు ఉన్నాయి. 2 గ్రాముల లోపు వస్తువులకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. ఏడాదికి 40 లక్షల లోపు వ్యాపారం ఉన్న చిన్న షాపులకి కూడా మినహాయింపు ఉంది. మన ఊళ్లలో తెలిసిన కంసాలి దగ్గర చేయించుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఆయన మీద నమ్మకం వేరు, రేపు ఇంకో ఊళ్లో అమ్మేటప్పుడు కావాల్సిన ముద్ర వేరు. హాల్‌మార్క్ ఛార్జీ ఒక్కో వస్తువుకి 45 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు పదింతలు బిల్లులో వేస్తే అడగండి. ముద్రలో ఉన్నదానికన్నా స్వచ్ఛత తక్కువని తేలితే, ఆ తేడా విలువకి రెండింతలు, పరీక్ష ఖర్చు కొన్నవాళ్లకి ఇవ్వాలని బీఐఎస్ నిబంధన. అది కావాలంటే చేతిలో బిల్లు ఉండాలి. "బిల్లు లేకుంటే జీఎస్టీ మిగుల్తది" అన్న మాటకి పడిపోవద్దు.

ఫోన్‌లో పది రూపాయలకి "డిజిటల్ గోల్డ్" కొనే యాప్‌లు మన వయసువాళ్లు చాలామంది వాడుతున్నారు. 2025 నవంబర్‌లో సెబీ వీటి గురించి హెచ్చరించింది. ఇవి తమ నియంత్రణలో లేవు, ఏదైనా తేడా వస్తే ఆ రక్షణ ఉండదు అని. కాగితం బంగారమే కావాలంటే సెబీ నియంత్రణలో ఉన్న గోల్డ్ ఈటీఎఫ్‌లు ఉన్నాయి. ఇక నగల షాపుల నెలవారీ స్కీములు 11 నెలలే ఎందుకుంటాయో తెలుసా? కస్టమర్ దగ్గర తీసుకున్న అడ్వాన్సుకి కంపెనీ 365 రోజుల్లోపు వస్తువు ఇచ్చేయాలి, లేదంటే అది డిపాజిట్ కింద లెక్క. 2014లో వచ్చిన రూలు అది.

బిల్లు ఎవరి పేరు మీద?

ఈ లెక్కలన్నీ ఒక ఆదివారం ఇంట్లో కాగితం మీద రాసి చూపించాను. మేనమామ తలూపలేదు. "లెక్కలు మంచిగనే ఉన్నయ్ గని, అల్లునికి తక్కువ పెట్టినమంటరు" అన్నాడు. అప్పటిదాకా పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతున్న చెల్లె ఒక్క మాట అంది.

"లక్ష రూపాయలు ఆయన చొక్కాకి పెట్టి, రేపు అక్కరొస్తె చొక్కా కుదవ పెట్టాల్నా అన్నా?"

అందరం నవ్వాం. కానీ అందులో నేను రాసిన లెక్కల కన్నా పెద్ద విషయం ఉంది. అల్లుడి చేతికి పెట్టినది అల్లుడిది. ఆడపిల్లకి పెట్టినది ఆమె స్త్రీధనం. అత్తగారింట్లో బీరువాలో ఉన్నా అది ఆమె సొంత ఆస్తేనని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2024లో కూడా అదే మాట అన్నది. అయితే "ఇది నాదే" అని చూపించుకోవాలంటే ఏదో ఒక ఆధారం కావాలి. ఆమె పేరు మీద బిల్లు, నగ ఫొటో, హెచ్‌యూఐడీ. ఈ మూడూ ఉంటే వాదన ఉండదు. మన పెళ్లిళ్లలో నగల బిల్లులు ఎక్కువ శాతం నాన్న పేరు మీద, అన్న పేరు మీద ఉంటాయి. ఎవరూ కావాలని చేయరు, కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్ల పేరు రాసేస్తారు, అంతే.

బాపు ఎక్కువ మాట్లాడడు. ఆ రోజు అన్నది ఇంతే. "బిడ్డ మెడల ఉంటె నాకు నిద్ర వడ్తది."

లక్షలో ఎక్కువ భాగం పెట్టి మంచిర్యాలలో చెల్లెకి సాదా గొలుసు తీసుకున్నాం. 22 క్యారెట్, రాళ్లు లేవు, బిల్లు ఆమె పేరు మీద. మరి కఫ్‌లింక్స్? అవీ పెట్టాం. వెండివి.

మేనమామ లేచి నిలబడ్డాడు. "అల్లునికి ఎండి పెడ్తరా?"

మామూలు వెండి కాదు, కరీంనగర్ ఫిలిగ్రీ. వెండిని దారంలా సన్నగా లాగి, మెలితిప్పి, వంచి, చిన్న చిన్న గూళ్లలో పేర్చి అతికించే పని. మొదట ఎలగందులలో ఉన్న ఈ పని తర్వాత కరీంనగర్‌కి పేరు తెచ్చింది, జీఐ గుర్తింపు కూడా ఉంది. నగల పెట్టెలు, అత్తరుదానులు, పాన్‌దానులు, గుండీలు ఎప్పటి నుంచో చేస్తున్నారు. 2023 సెప్టెంబర్‌లో ఢిల్లీలో జీ20 సమావేశాలు జరిగినప్పుడు విదేశీ ప్రతినిధుల కోట్లకి పెట్టిన అశోక చక్రం బ్యాడ్జీలు కరీంనగర్ పనివాళ్లు చేసినవే. ఈ మాట చెప్పాక మేనమామ మళ్లీ కూర్చున్నాడు. దేశాధినేతల సభకి పోయిన పని మా బావకి తక్కువెందుకు అవుతుంది?

ఆర్డర్ ఇచ్చి చేయించాం. బంగారం జతకి మజూరి, జీఎస్టీ కింద పోయే దాంట్లో సగం కూడా కాలేదు. రిసెప్షన్‌లో బావ ఫ్రెండ్స్ నలుగురు చెయ్యి పట్టుకుని మరీ చూశారు. "ఎక్కడ కొన్నారు?" అని అడిగితే బావ "కరీంనగర్" అన్నాడు, కాస్త గొప్పగానే.

బంగారం కఫ్‌లింక్స్ పెట్టుకునేవాళ్లని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. డబ్బు ఉంది, ముచ్చట ఉంది, పెట్టుకోండి. నేను చెప్పేది ఒక్కటే. దాచుకునే బంగారం, తొడుక్కునే బంగారం రెండూ ఒకటి కాదు. దాచుకునేది మజూరి తక్కువ ఉన్న సాదా వస్తువుగా కొనండి. తొడుక్కునేది పనితనం చూసి, మీకు బరువు కాని లోహంలో కొనండి. రెండింటినీ ఒకే వస్తువులో ఇరికిస్తే రెండూ సగం సగమే అవుతాయి.

కొనే రోజు ఫోన్‌లో పెట్టుకోవడానికి ఈ నాలుగు లైన్లు:

ఆ రోజు రేటు, నెట్ వెయిట్, మజూరి శాతం, జీఎస్టీ నాలుగూ బిల్లులో విడివిడిగా ఉండాలి.

హెచ్‌యూఐడీ కోడ్‌ని డబ్బులు కట్టకముందే యాప్‌లో కొట్టి చూడాలి.

"వెనక్కి తెస్తే ఎంత కోస్తారు?" అని కొనేటప్పుడే అడిగి, బిల్లు మీదే రాయించుకోవాలి.

నగ ఎవరిదో బిల్లు వాళ్ల పేరు మీదే ఉండాలి, ఫొటో వాళ్ల ఫోన్‌లో ఉండాలి.

ఆఖరి మాట, కఫ్‌లింక్స్ కొనేవాళ్లందరికీ. మామూలు చొక్కాకి ఇవి పట్టవు. ఒక వైపు గుండీ కుట్టేసి ఉంటుంది కదా. కఫ్ మడత పడి, రెండు వైపులా కాజాలు ఉన్న చొక్కా కావాలి. రెడీమేడ్‌లో "ఫ్రెంచ్ కఫ్" అని అడగండి. లేదా ముందే మీ టైలర్‌కి చెప్పండి, డబుల్ కఫ్ పెట్టి నాలుగు కాజాలు కుట్టి ఇస్తాడు. లింకులు ముందు కొని, పెళ్లి రోజు పొద్దున చొక్కా కోసం పరుగెత్తిన పెళ్లికొడుకులు నాకు ఇద్దరు తెలుసు.